రాయచూరు లేహ్యం

సంస్థానం ఇంకా నడుస్తున్న రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధానికి ఏడాదో రెండేళ్ళో ముందు, నాగప్ప అనే రాయచూరు వ్యాపారి గద్వాల రైలు స్టేషను దగ్గర వడ్లు ఆడించే గిర్ని పెట్టాడు. అంతకుముందు ఊళ్ళో బియ్యమంటే రోట్లో దంచుకున్నవే. ఎర్రగా, కాస్త మురికి పట్టినట్టు ఉండేవి. అవి కూడా పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో వండేవాళ్ళు. మిగతా రోజులన్నీ జొన్నరొట్టె, అంబలి. నాగప్ప గిర్ని బియ్యం అలా కాదు. దోసిట్లోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేంత నున్నగా, ఉతికి ఆరేసిన పంచెలాగా తెల్లగా ఉండేవి.

ఆ తెలుపు మీద ధర్మయ్య మనసు పడింది.

ధర్మయ్య నేతగాడు. చీర నేయడంలో ఆ వీధిలో అతనికి వంక పెట్టేవాళ్ళు లేరు. మిగతా విషయాల్లో వంక పెట్టనివాళ్ళు లేరు. కొత్త గొడుగు కొంటే ఎండావానా లేని సాయంత్రం కూడా వేసుకుని బజారు తిరిగివచ్చేవాడు. ఇంట్లో ఏ మంచి వస్తువున్నా అది వీధికి కనపడేచోట ఉండాలి. అలాంటివాడు గిర్ని బియ్యం చూసి ఊరుకుంటాడా?

"రేపట్నుంచి మనింట్ల గిర్ని బియ్యమే," అన్నాడు భార్య సుభద్రమ్మతో.

"అందరికా?"

"అందరికి ఎట్లైతది? నాకు."

అతని తల్లి జమ్ములమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ, "నాకైతే వద్దు కొడుకా," అంది. "గా బువ్వ నోట్ల పెట్టుకుంటే నోట్లున్నదో లేదో తెలుస్తలేదు. రొట్టైతే తిన్నట్టుంటది."

మర్నాటి నుంచి ధర్మయ్య భోజనం వీధి తలుపు దగ్గరికి మారింది. తలుపు బార్లా తెరిచి, ఇత్తడి పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. పప్పు వేయబోతే పచ్చబడుతుందనేవాడు. ఆకుకూర వేయబోతే మరకలవుతాయనేవాడు. తెల్ల అన్నం, తెల్ల పెరుగు, పళ్ళెం అంచున అన్నానికి తగలకుండా ఓ నిమ్మకాయ ముక్క. బియ్యం కడిగేటప్పుడు పక్కన నిలబడి, నీళ్ళలో తెల్లదనం పోయేదాకా కడిగించేవాడు. గంజి వార్చి పక్కింటి మేకకు పోయించేవాడు. మేక బాగా ఒళ్ళు చేసింది.

ఎదురింటి మార్కండేయ కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. అతనూ నేతగాడే. రోజూ రెండు పూటలా ఎదుటివాడి పళ్ళెం చూస్తూ జొన్నరొట్టె నమలడం ఎవరికైనా కష్టమే. కాన్పుకు వచ్చిన కూతురు చంద్రకళను సాకుగా పెట్టుకుని అతనూ గిర్ని బియ్యం తెచ్చాడు. బిడ్డ పుట్టాక, బాలెంతకు పత్యం కాబట్టి తెల్ల అన్నం, వెల్లుల్లి కారం తప్ప మరేమీ పెట్టనివ్వలేదు.

వానకాలం సగం గడిచేసరికి ధర్మయ్య మగ్గం మాట వినడం మానేసింది.

మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే కింద తొక్కుడు చెక్కలు ఉంటాయి. ఏ చెక్క ఎప్పుడు తొక్కాలో నేతగాడి కాళ్ళకే తెలుస్తుంది, తలకు చెప్పాల్సిన పని లేదు. అలాంటిది ధర్మయ్య వంగి గుంటలోకి చూసుకుంటే తప్ప తన కాలు ఏ చెక్క మీదుందో తెలియడం లేదు. చీర సగానికొచ్చేసరికి అంచు మీది కోటకొమ్మ నమూనా వంకరపోయింది. చెక్కల తాళ్ళు బిగించాడు. చెక్కలే మార్చాడు. చెమ్మకు కర్ర ఉబ్బిందన్నాడు. కర్ర బాగానే ఉంది.

ఒకరోజు బజారు నుంచి వస్తుంటే వెనకనుంచి మార్కండేయ పిలిచాడు.

"ధర్మన్నా, జర ఆగు."

ఆగి చూస్తే మార్కండేయ చేతిలో ఒక చెప్పు ఉంది.

"ఎవరిదది?" అన్నాడు ధర్మయ్య.

"నీదే. గా కిరాణా దుకాణం ముంగట వడిపోయింది."

ధర్మయ్య కిందికి చూసుకున్నాడు. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలు ఉత్తదే, బురద పట్టి ఉంది. అంతదూరం ఒట్టికాలితో నడిచినట్టు అతనికి తెలియనే తెలియలేదు. చెప్పు తీసుకుని, "కావాలనే ఇడిచిన," అన్నాడు. కానీ ఆ పూట పెరుగన్నం సగంలోనే వదిలేశాడు. నేతగాడికి కాళ్ళు పోతే చేతులున్నా లేనట్టే. ఆ భయం అతను ఎవరితోనూ అనలేదు. సుభద్రమ్మ మాత్రం చూసింది.

మర్నాడు భర్తనూ అత్తనూ వెంటబెట్టుకుని సర్కారీ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు పట్నం నుంచి ఈమధ్యే వచ్చిన మనిషి. ధర్మయ్యను బల్ల మీద కూర్చోబెట్టి చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. బస్తాలాగా అలాగే వేలాడింది.

"ఇప్పుడు ఏమైతుండాలె సాబ్?" అన్నాడు ధర్మయ్య.

డాక్టరు జవాబుగా, పక్కనే కూర్చున్న జమ్ములమ్మ మోకాలి మీద ఒక దెబ్బ వేశాడు. ముసలమ్మ కాలు ఎగిరి డాక్టరు చేతిలోని సుత్తికి తగిలింది. సుత్తి పోయి మందుసీసాల మధ్య పడింది.

"నేను తన్నలే అయ్యా, అదే లేసింది," అంది జమ్ములమ్మ కంగారుగా.

"అట్లనే లేవాలె, అమ్మా. ఏం తింటవ్ నువ్వు?"

"రొట్టె. అంబలి. దొరికితే గింత తోటకూర."

"నువ్వేం తింటవయ్యా?"

ధర్మయ్య తన భోజనం గురించి చెప్పాడు. బియ్యం ఎంత తెల్లనివో, ఎన్ని నీళ్ళు కడిగిస్తాడో, గంజి ఎలా వార్పిస్తాడో, ఏదీ వదల్లేదు. డాక్టరు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు.

"సూడు ధర్మయ్యా. గిర్నిల బియ్యం మీది పొర పోతది. కాళ్ళకు కావాల్సిన సత్తువ గా పొరలనే ఉంటది. నువ్వు గా పొర తీపిచ్చి, మల్ల కడిగిచ్చి, గంజి పారబోసి, చివరికి మిగిలిన రంగు తింటున్నవ్. దీన్ని మా పుస్తకాలల్ల బెరిబెరి అంటరు."

"బెరిబెరి," అని మెల్లగా ఒకసారి అనుకున్నాడు ధర్మయ్య. వీధిలో ఎవరికీ రాని రోగం. "మందేంది సాబ్?"

"తవుడు."

"పూయాలెనా?"

"తినాలె. దినాం పిడికెడు."

ధర్మయ్య బల్ల మీంచి దిగాడు. "తవుడు బర్రెలు తింటయి సాబ్."

"ఏ బర్రెకన్న కాళ్ళు తిమ్మిరి పట్టుడు సూసినవా?"

ధర్మయ్య చూడలేదు. అయినా ఒప్పుకోలేదు. సూది ఉంటే వేయమన్నాడు, పెద్దదైనా ఫరవాలేదన్నాడు. ఇక్కడ ఆ సూది లేదని, ఉన్నా ఇంత మంచి తవుడు ఊళ్ళో పెట్టుకుని సూది ఎందుకని డాక్టరు అన్నాడు. ఇంటికొచ్చాక ధర్మయ్య, "సస్తె సస్త గని పసుల దాణా తిన," అని చెప్పి పడుకున్నాడు.

సుభద్రమ్మ వాదించలేదు. పెళ్ళైనప్పటి నుంచి ఆ మనిషితో వాదించి గెలిచింది ఒక్కసారీ లేదు, అయినా తను అనుకున్న పనులన్నీ జరుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం గంప తీసుకుని గిర్నికి పోయింది.

"ఏనమ్మా, బర్రెను కొన్నరా?" అన్నాడు నాగప్ప, తవుడు ఎత్తిస్తూ.

"కొన్నది గాదు. మా అయ్య కట్టబెట్టిండు."

"హౌదా, అట్లనా. పాలు మంచిగ ఇస్తదా?"

"యాడ అన్నా. ఇప్పుడు కాళ్ళ మీద సరిగ్గ నిలుస్తలేదు. తిని జర లేస్తే సాలు."

"పాపం," అని నాగప్ప ఇంకో రెండు దోసిళ్ళు ఊరికే పోశాడు.

సుభద్రమ్మ తవుడును పలచని గుడ్డలో జల్లించి, మట్టిపెంకు మీద పచ్చివాసన పోయేదాకా సన్నని సెగన వేయించింది. నువ్వులు, శొంఠి, యాలకులు దంచి కలిపింది. బెల్లం పాకంలో ముద్ద చేసి పింగాణి జాడీలో పెట్టి, మీద ఎర్రగుడ్డ కట్టింది. సాయంత్రం జాడీ తెచ్చి భర్త ముందు పెట్టింది.

"రాయచూరు వైద్యుని లేహ్యం. నాగప్ప తెప్పిచ్చిండు. మన ఊర్ల ఇంకెవ్వరికి ఇయ్యడంట."

ధర్మయ్య లేచి కూర్చున్నాడు. "ఎట్ల తినాలె?"

"పొద్దుగాల పరగడుపున, తూర్పు దిక్కు సూసుకుంట."

"మాట్లాడకుండ," అని లోపలినుంచి జమ్ములమ్మ అందించింది. వైద్యుడి పేరు మీద ఇంట్లో కాసేపు నిశ్శబ్దం దొరుకుతుందంటే ఆమె ఎందుకు వదులుకుంటుంది.

ధర్మయ్య ఆ లేహ్యాన్ని తిన్నట్టు గుళ్ళో తీర్థం కూడా ఎవరూ పుచ్చుకుని ఉండరు. కళ్ళు మూసుకుని, నాలుక మీద తిప్పి, "ఇందుల కస్తూరి వడ్డది," అనేవాడు. సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గరికి పోయేది. అటు గంజి వార్చడం కూడా తగ్గించింది. మేక రెండుమూడు రోజులు వచ్చి చూసి మానుకుంది.

దసరాకు కాళ్ళల్లో చీమలు పాకినట్టు మొదలైంది. తర్వాత అరికాలి కింద చెక్క గట్టిగా, చల్లగా తగిలింది. ధర్మయ్య ఆ పూట భోజనానికి కూడా లేవకుండా నేశాడు. అంచు తిన్నగా వచ్చింది. లోపల పొయ్యి ముందు కూర్చున్న సుభద్రమ్మ, మగ్గంలో నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే, చేతిలో రొట్టె అలాగే పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. పొగ అనుకుంది జమ్ములమ్మ, లేక అనుకున్నట్టు ఊరుకుంది.

ఇక ధర్మయ్య నోటిని ఎవరాపగలరు? వీధంతా రాయచూరు లేహ్యం కథే. వినీ వినీ మార్కండేయ ఒకరోజు ఇంటికొచ్చాడు. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం అతని మొహంలో లేదు.

"వదినా, జర గా లేహ్యం మా చంద్రకళకు ఇస్తవా? పిల్ల కాళ్ళు ఉబ్బినయి, లేస్తే మోకాళ్ళు ఒంగుతున్నయి. పసిగుడ్డు ఏడుస్తుంది గని గొంతు బయటికి వస్తలేదు. పాలు తాగి ఎల్లగక్కుతుంది."

సుభద్రమ్మ మారుమాట లేకుండా జాడీ ఇచ్చేసింది. "దవాఖానకు తీస్కపో అన్నా. బువ్వల పప్పు పెట్టు, గంజి పారబొయ్యకు," అని కూడా చెప్పింది. పప్పు మాట మార్కండేయ వినిపించుకోలేదు. పత్యం చెడుతుందన్నాడు. లేహ్యం మాత్రం పట్టుకుపోయాడు. ఆ తర్వాత కాళ్ళు గుంజేవాళ్ళు, నడుము నొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. సుభద్రమ్మ గంప గిర్నికి ఎక్కువసార్లు పోవాల్సి వచ్చింది.

కొంతకాలానికి ఒక మధ్యాహ్నం ధర్మయ్య పూర్తయిన చీరను వాకిట్లో పరిచి మార్కండేయకూ నలుగురు నేతగాళ్ళకూ చూపిస్తున్నాడు. చేతిలో ఖాళీ చెంబుతో నాగప్ప వచ్చాడు.

"ధర్మయ్యా, కొట్టం ఎక్కడ?"

"ఏం కొట్టం?"

"బర్రెలదే. మీ ఇంటామె తీస్కపోయే తవుడు సూస్తే ఆరుకు తక్కువ ఉండయి. కాళ్ళు పడ్డదన్న బర్రె లేసిందా? పాలకొచ్చిన."

ధర్మయ్య భార్యవైపు చూశాడు. సుభద్రమ్మ పరిచిన చీర అంచు సర్దుతూ ఉంది, సర్దడానికి అక్కడేమీ లేకపోయినా. జమ్ములమ్మ కండెల బుట్ట ఎత్తుకుని చల్లగా లోపలికి పోయింది. అప్పటికి అందరికీ అర్థమైంది, నాగప్పకు తప్ప.

మార్కండేయ లేచాడు. అరవలేదు. "బాలెంతకు బర్రె దాణా పెట్టిపిచ్చినవా వదినా," అన్నాడు. అంతే. కాసేపటికి జాడీ తెచ్చి ధర్మయ్య ఇంటి అరుగు మీద పెట్టి, తన ఇంటికి పోయి తలుపు వేసుకున్నాడు.

ధర్మయ్య మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. నేయలేదు. సుభద్రమ్మ వచ్చి గుంట అంచున కూర్చుంది.

"ఊరంత నవ్వుతరు," అన్నాడు ఎటో చూస్తూ.

"నవ్వుతరు."

"నన్ను మోసం జేసినవ్."

"జేసిన. నా మోసం నేను వాపస్ తీసుకుంట. నువ్వు కాళ్ళు వాపస్ ఇస్తవా?"

కింద ధర్మయ్య కాళ్ళు వాటంతటవే చెక్కలు తడుముకుంటున్నాయి. ఎడమది, కుడిది. వాటివైపే చూస్తూ, "కస్తూరి ఉన్నదా లేదా ఇందుల?" అన్నాడు.

"శొంఠి ఉన్నది."

"అంతేనా."

అప్పుడే ఎదురింటి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఇద్దరూ విన్నారు. కొన్నాళ్ళ కింద ఆ ఏడుపు చిరిగిన గుడ్డలాగా ఉండేది, గుమ్మం దాటేది కాదు. ఇప్పుడు వీధి దాటి వచ్చింది. ధర్మయ్య తల ఎత్తి, అది ఆగేదాకా వింటూ కూర్చున్నాడు. తర్వాత గుంటలోంచి లేచాడు.

"ఉత్త తవుడు ఉన్నదా ఇంట్ల? బెల్లం కలపంది?"

"ఉన్నది. ఎందుకు?"

"పళ్ళెంల పెట్టియ్యి."

ఇత్తడి పళ్ళెం పట్టుకుని ధర్మయ్య వీధి దాటాడు. మార్కండేయ ఇంటి ముందు నేల మీద కూర్చుని, "మార్కండేయా, బయటికి రా," అని పిలిచాడు. తలుపు తెరుచుకునేలోపు అటూ ఇటూ అరుగుల మీదికి జనం చేరారు. ధర్మయ్యకు జనం లేకుండా ఏ పనీ చేసిన అలవాటు లేదు, కానీ ఆ రోజు మాత్రం అతను ఎవరివైపూ చూడలేదు. పిడికెడు తవుడు నోట్లో పోసుకున్నాడు. పొలమారింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ముక్కులోంచి కూడా కొంత తవుడు వచ్చింది. వెనకే వచ్చిన సుభద్రమ్మ అందించిన నీళ్ళు తాగి, రెండో పిడికిలి ఎత్తాడు.

"ఇదే నేను తిన్నది. నా చెప్పు నువ్వే తెచ్చిచ్చినవ్, యాదికున్నదా? నాకు కాలు లేనట్టే ఉండె. బర్రె తింటదో మనిషి తింటడో నాకు తెల్వదు. నాకు కాలొచ్చింది. నా మీద కోపముంటే నన్ను తిట్టు. పిల్లకు బంద్ జెయ్యకు."

మార్కండేయ గుమ్మంలో నిలబడి తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి వేసుకున్నాడు. అతని వెనక చంద్రకళ వచ్చి నిలబడింది, గోడ పట్టుకోకుండా.

"నాయినా, నాకు మొదటి దినమే తెల్సు," అంది.

"ఏం తెల్సు?"

"తవుడని. మా అత్తోల్ల ఇంట్ల రెండు బర్రెలున్నయి. దినాం కుడితి కలిపేదాన్ని, నాకు గా వాసన తెల్వదా?"

"మరి ఎట్ల తిన్నవ్ బిడ్డా?"

"మంచిగున్నది గద నాయినా. కాళ్ళ వాపు దిగింది. నువ్వు దినాం గా తెల్ల బువ్వే పెడుతుంటివి, నాకు యాష్టకొచ్చింది." ఆమె ఎదురింటి అరుగు మీది జాడీ వైపు తొంగిచూసి, "అయిపోయిందా పెద్దమ్మా?" అని సుభద్రమ్మను అడిగింది.

ముందు నవ్వింది మార్కండేయే. తర్వాత వీధంతా నవ్వింది. ధర్మయ్యకు కూడా నవ్వబోతే మళ్ళీ పొలమారింది.

ఆ వారమే ధర్మయ్య, మార్కండేయ కలిసి గిర్నికి పోయారు. బియ్యం ఒక్కసారి మాత్రమే ఆడించి, పొర పూర్తిగా పోకముందే తీసివ్వమని అడిగారు.

"ఎర్రగుంటయి. ఎవరు కొంటరు?" అన్నాడు నాగప్ప.

"నా దగ్గరికి తెల్లనూలు చీరకు ఎవరొస్తరు నాగప్పా? రంగు జూసే వస్తరు. నువ్వు ఆడియ్యి. అమ్మే మాటలు నేను చెప్త."

ఆ చివరి మాటను నాగప్ప వెంటనే నమ్మాడు. డాక్టరు కూడా దవాఖానలో రోగులకు అవే బియ్యం కావాలన్నాడు. వారానికొక రోజు గిర్నిలో ఎర్రబియ్యం ఆడడం మొదలైంది. నేతగాళ్ళ వీధి తీసుకుంది, తర్వాత కమ్మరివాళ్ళ వీధి, తర్వాత స్టేషను వాళ్ళు. బియ్యం కొననివాళ్ళు తవుడు కొన్నారు. కొనకపోయినా నష్టం లేని మనిషి జమ్ములమ్మ ఒక్కతే, తన రొట్టె తను తింటూ.

మరుసటి ఎండాకాలం వీపనగండ్లలో సుభద్రమ్మ తమ్ముడి కొడుకు పెళ్ళయింది. పందిట్లో విస్తళ్ళు వేసి, మగపెళ్ళివాళ్ళ గొప్ప తెలిసేలా తెల్లని అన్నం వడ్డించారు. ధర్మయ్య ఒక మెతుకు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఎన్నిసార్లు ఆడిచ్చిండ్రు ఈ బియ్యం?" అని వంటాయనను అడిగాడు. "గంజి ఏం జేసిండ్రు?"

సుభద్రమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచి వచ్చి, అతని చెవి దగ్గర వంగింది. "ఒక్క పూటకు కాళ్ళు పోవు. పెండ్లిపిల్లలు ఆకలి మీదున్నరు. అందరు తిన్నంక చెప్పు."

తిన్నాక చెప్పాడు. సుత్తి దెబ్బ నుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. మగవాళ్ళు సగం మంది పందిరి నీడన నిద్రపోయారు. మిగతా సగం మంది నిద్రపోవడానికి చోటు వెతుక్కుంటున్నారు. వంటసాల వెనక మాత్రం ఆడవాళ్ళు సుభద్రమ్మ చుట్టూ చేరి, తవుడు ఎంతసేపు వేయించాలి, బెల్లం పాకం ఎంత ముదరాలి, మగవాళ్ళకు ఏం పేరు చెప్పి పెట్టాలి అని ఒక్కొక్కరే అడుగుతున్నారు.